సెల్విన్ తీసేసిన నాలుగు డిగ్రీలు

తాను చేసిన డబ్బీ చెప్పే అంకెను నమ్మి ఒక మనిషి తలుపు మూసుకుని లోపల కూర్చుంటుందని తెలిసి ఉంటే సెల్విన్ దాన్ని చేసేవాడే కాదు. ఈ మాట అతను చెప్పలేదు, నేను చెబుతున్నాను. అతనికి మాటలు తక్కువ, నాకు ఎక్కువ. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ వెనక సందులో అతని రిపేరు అంగడి, నా కుట్టు అంగడి ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. అతని సోల్డర్ పొగ నేను పీలుస్తాను, నా మిషను చప్పుడు అతను వింటాడు. గోవిందప్ప టైలర్ పక్కన సెల్విన్ ఎలక్ట్రానిక్స్ అంటే బజారులో ఎవరైనా చూపిస్తారు. అతని గురించి రాయడానికి నాకంటే తగినవాడు దొరకడు. దొరికినా వాడికి నాకున్నంత కోపం ఉండదు.

సెల్విన్ పుట్టింది చాంపియన్ రీఫ్‌లో, గని కూలీల లైన్ ఇళ్లలో. తండ్రి ప్రేమరాజు బంగారు గనిలో దిగి పనిచేసినవాడు. గని మూతపడ్డాక ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని దగ్గుతూ, వచ్చినవాళ్లకు కింది సంగతులు చెప్పేవాడు. చెప్పేది తమిళంలో. నాకు అర్థమైనంతలో ఆయన మళ్లీ మళ్లీ చెప్పింది రెండింటి గురించే, కింద ఉండే వేడి, కింద ఉండే చెడుగాలి. వేడి వచ్చేముందు ఒంటికి చెప్పి వస్తుందట. చెడుగాలి ఎవరికీ చెప్పదట. దాంట్లో చిక్కినవాడు నిద్ర వస్తోందనుకుని గోడకు ఆనుకుని కూర్చుంటాడట, పక్కవాడు వచ్చి లేపితే లేవడట. ఆ మాట చెప్పేటప్పుడు ప్రేమరాజు కళ్లు మూసి తల గోడకు ఆనించి చూపించేవాడు. సెల్విన్ చిన్నప్పటి నుంచీ అది చూసి చూసి, ఎవరైనా పగటిపూట గోడకు ఆనుకుని కునుకు తీస్తే వెళ్లి తట్టి లేపుతాడు. మధ్యాహ్నం భోజనం చేసి నేను కళ్లు మూస్తే చాలు, వచ్చి భుజం పట్టుకుంటాడు. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు.

ఐటీఐ చదివి, మాలూరులో ఒక ఫ్యాక్టరీకి తెల్లవారుజాము రైలు పట్టుకుని వెళ్లి, బోర్డులు పరీక్ష చేసే పనిలో కొన్నేళ్లు ఉన్నాడు. ఆ కంపెనీ ఇంకో ఊరికి మారిపోయింది. సెల్విన్ మారలేదు. భార్య మోనికా ఇక్కడే బడిలో టీచరు, తండ్రి మంచం మీద, ఇంక ఎక్కడికి పోతాడు. అంగడి పెట్టాడు. మిక్సీలు, ఇన్వర్టర్లు, చర్చి మైకు సెట్టు, ఏదైనా బాగు చేస్తాడు, కానీ చేతికి ఇచ్చేలోపు ముమ్మారు పరీక్షిస్తాడు. గిరాకీ మనిషి బయట నిలబడి గొణుగుతుంటే నేనే పిలిచి కూర్చోబెట్టి, అతని పని సంగతి మీకు తెలియదు, ఇంకో టీ తాగండి అని చెప్పాల్సి వచ్చేది.

మా పెద్దమ్మ కూతురు తాయమ్మది ఆవని పక్క పల్లె. నాకంటే పెద్దది, నన్ను ఎత్తుకుని తిప్పిన అక్క. భర్త మునియప్ప, నాకు బావ. కొడుకు పురుషోత్తమ్ మాలూరులో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు, కోడలు వీణ ఇంట్లోనే ఉంటుంది. వాళ్లకు రాగి చేను, రెండు ఆవులు, మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో పట్టుపురుగులు పెంచుతారు. పురుగుల బాగోగులు మొత్తం అక్కవే. పురుగు పొర విడిచేముందు తినడం మానేసి తల ఎత్తి కదలకుండా ఉంటుంది, దాన్ని మా వైపు జ్వరానికి కూర్చోవడం అంటారు. నాలుగుసార్లు కూర్చుంటుంది. అప్పుడు షెడ్డులో చలి తగలకూడదు, తేమ ఉండకూడదు, కొత్త మనిషి చూపు పడకూడదు. నాలుగో జ్వరానికి కూర్చున్నాయంటే అక్క షెడ్డులోనే చాప వేసుకుని, అవి లేచేదాకా తానూ బయటికి వచ్చేది కాదు. షెడ్డు వేడి ఎంతుందో తెలియడానికి ఆమెకు థర్మామీటర్ అక్కరలేదు. పురుగులున్న తట్ట అంచుకు చెంప ఆనించి, బొగ్గుల కుంపటి లోపలికి తెమ్మనో, కిటికీ సందు తెరవమనో చెప్పేది. ఆమె మాట తప్పిపోవడం ఎవరూ చూడలేదు.

చూసే రోజు వచ్చింది. ఒక వర్షాకాలంలో అక్కకు చికున్‌గున్యా వచ్చింది. ఒళ్లు కాలిపోతున్నా షెడ్డు వదలలేదు. చెంప ఆనిస్తే తట్ట చల్లగా తగిలింది, ఎందుకంటే చెంపే కాగుతోంది. చలి అనుకుని కుంపటి పెట్టించింది, మళ్లీ పెట్టించింది. పురుగులన్నీ మెత్తబడి నల్లబడి పోయాయి. ఆ పంట మొత్తం గుంత తీసి పూడ్చారు. అక్క నాతో ఆ సంగతి చెప్పినప్పుడు ఏడవలేదు, అరచేతులు చూసుకుంది.

"నా ఒళ్లు నాకు అబద్ధం చెప్పినాది గోవిందా. ఇంగ దీన్ని నమ్మను."

అప్పుడు నేనే మునియప్ప బావను సెల్విన్ దగ్గరికి తీసుకొచ్చాను. వేడి ఎంతో చూపించే డబ్బీ కావాలి, షెడ్డులో వేలాడదీయాలి, చలైతే కూయాలి, వేడైతే కూయాలి. ఇంతే కోరిక. బజారులో దొరికేవి బావ ఇదివరకే తెచ్చి చూశాడు. ప్రతి పంటకు ముందు షెడ్డంతా సున్నం, బ్లీచింగ్ పొడి, మందు నీళ్లు కొడతారు. ఆ ఘాటుకు సెన్సరు కాళ్లు పచ్చగా చిలుము పట్టి తెగిపోతాయి. మిగిలిన వైరును ఎలుక కొరుకుతుంది. సెల్విన్ ఆ తెగిన కాళ్లను భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు, ఆ తర్వాత బయట ఏ సెన్సరూ లేకుండా చేస్తానన్నాడు.

అది ఎలా అని అడిగితే నాకు చెప్పాడు. డబ్బీని నడిపే చిప్, వేలిగోరంత కూడా ఉండదు, దాని కడుపులోనే పుట్టుకతో వేడి తెలుసుకునే ఏర్పాటు ఉంటుంది. అది గదిని కొలవడానికి పెట్టింది కాదు. తాను మరీ కాగిపోతే తనకే తెలియడానికి పెట్టింది. దాన్ని అడిగితే డిగ్రీలు చెప్పదు, ఏదో ఒక అంకె చెబుతుంది, ఆ అంకెను లెక్క కట్టి డిగ్రీల్లోకి తేవాలి. తెచ్చినా ఒక్కో చిప్ ఒక్కో రకంగా తప్పు చెబుతుంది, ఒకటి కాస్త ఎక్కువ, ఇంకోటి బాగా తక్కువ. పక్కన మంచి థర్మామీటర్ పెట్టి, దీని తప్పు ఎంతో కనిపెట్టి, అంత తీసేయాలి. పైగా చిప్ పనిచేసేకొద్దీ అదే వేడెక్కుతుంది. అందుకని దాన్ని నిద్రపుచ్చి, లేపిన మరుక్షణం అడుగుతాడు. ఆడి పరుగెత్తి వచ్చిన పిల్లాడి నుదురు పట్టి జ్వరమనుకోకూడదు గదా అన్నాడు.

"అంటే అది చెప్పేది గది వేడి కాదు, దాని ఒంటి వేడి," అన్నాను.

"అవును గోవిందన్నా. గదిలో ఉండాది గాబట్టి గది వేడి దానికీ ఎక్కుతాది. తప్పు రోజూ ఒకటే అయితే కష్టం లేదు. తప్పు మారకుండా చూసుకోవల్ల, అంతే."

మా అక్క ఒళ్లు చేసిందీ అదే గదా అని నాకు అప్పుడే తోచింది. తన జ్వరాన్ని తట్ట చల్లదనంగా చెప్పింది. కానీ అతని ముఖంలో పని నచ్చినవాడి వెలుగు చూసి ఊరుకున్నాను.

డబ్బీ అన్ని వైపులా మూసి, బంక పూసి, నీళ్లు కొట్టినా చెదరనట్టు చేశాడు. ముందు వైపు ఎర్ర అంకెలు, వాటి కింద రబ్బరు కప్పిన ఒక బటన్. చిప్ నిద్రపోయినా అంకె వెలుగుతూనే ఉండాలని బావ పట్టుబట్టాడు, దూరం నుంచి కనబడాలట. తీసుకెళ్లి వేలాడదీశారు. వారం తిరగకముందే బావ ఫోను. డబ్బీ ఊరికే వేడి వేడి అని కూస్తోంది, కిటికీలు తెరిస్తే పురుగులు చలికి ముడుచుకుంటున్నాయి.

ఇద్దరం నా బండి మీద వెళ్లాం. కొత్త మనిషి కాబట్టి సెల్విన్‌ను కాళ్లు కడిగించి, సున్నపు పొడిలో నడిపించి, వాకిలి దాకానే రానిచ్చారు. అక్కడి నుంచే అతనికి కారణం కనబడింది. డబ్బీ మీద పసుపు గుడ్డ కప్పి ఉంది.

అక్క చెప్పింది సబబే, ఆమె లెక్కలో. చీకటి షెడ్డులో ఎర్రగా వెలిగేది ఏదైనా కన్నే. పురుగులు జ్వరానికి కూర్చుంటే ఇంటి మనిషి కూడా వాటిని తేరిపార చూడడు, అలాంటిది రేయింబవళ్లు రెప్ప వేయకుండా ఒక ఎర్ర కన్ను చూస్తుంటే దిష్టి తగలదా. గుడ్డ కప్పి, అవసరమైనప్పుడు మూల ఎత్తి అంకె చూసుకుని, మళ్లీ కప్పుతోంది.

"అమ్మా, గుడ్డ కప్పితే దాని వేడి దానిలోనే ఉండిపోతాది," అన్నాడు సెల్విన్.

"ఉండనీ అప్పా. దాని వేడి దానికి. నా పురుగులకు కన్ను తగలకూడదు."

"అంకె తప్పు చూపిస్తాదమ్మా."

"దాన్ని నువ్వు సరిచేయి. నువ్వు చేసినోడివి గదా."

నేను నవ్వాను. అక్కతో వాదించి గెలిచినవాడు ఆ ఊళ్లో లేడు. సెల్విన్ నవ్వలేదు. ఆలోచించి, నన్ను పక్కకు పిలిచి, రెండు మడతల కాటన్‌తో సరిగ్గా పట్టే తొడుగు కుట్టమన్నాడు, ముందు ఎత్తి చూసుకునే రెప్పతో. గుడ్డ ఎప్పుడూ ఒకటే ఉండాలి, ఒకసారి మందం ఒకసారి పలచన అయితే లెక్క చెడుతుందట. నేను కుట్టాను, అక్క దాన్ని పసుపులో ముంచింది. తొడుగు తొడిగి, పక్కన థర్మామీటర్ కట్టి, పగలంతా వాకిట్లో కూర్చున్నాడు. గుడ్డ వల్ల డబ్బీ నాలుగు డిగ్రీలు ఎక్కువ చెబుతోంది. బటన్ నొక్కి ఆ నాలుగూ తీసేశాడు. ఇప్పుడు గుడ్డతో అంకె నిజం.

బయలుదేరేటప్పుడు మునియప్ప బావతో ఒకటే మాట చెప్పాడు.

"అప్పా, ఆ గుడ్డ మాత్రం తీయొద్దండి."

బావ ముఖం వెలిగిపోయింది. చర్చికి పోయే మనిషి నోట ఆ మాట రావడం ఆయనకు పెద్ద సంగతి. వారం లోపల ఊరంతా చెప్పాడు, డబ్బీ చేసిన సెల్వినే గుడ్డ తీయొద్దన్నాడు, ఆయనకీ దిష్టి సంగతి తెలుసు అని.

దారిలో నేను అడిగాను, ఎందుకు తీయకూడదో చెప్పి ఉండొచ్చు గదా అని.

"నాలుగు తీసేసినాను అంటే, అయితే డబ్బీ అబద్ధం చెప్తాదా అంటారన్నా. ఆయమ్మ దాన్ని వదిలేసి మళ్లీ ఒంటినే నమ్ముకుంటాది. ఇంకో పంట పోతాది. సుమ్నే ఊరికే ఎందుకు భయపెట్టేది."

ఆ మాటలో తప్పేమీ కనబడలేదు నాకు. ఇప్పటికీ వెతికి వెతికి చూస్తే, అంత మంచి ఉద్దేశంలో నుంచి అంత చెడు ఎట్లా వచ్చిందని ఒళ్లు మండుతుంది.

తర్వాతి పంటలు బాగా వచ్చాయి. అక్క డబ్బీని ఎంత నమ్మిందంటే తట్టకు చెంప ఆనించడమే మానేసింది. చెమట పోస్తున్నా సరే, రెప్ప ఎత్తి అంకె చూసిగాని కిటికీ తెరిచేది కాదు. ఒకసారి నేను వెళ్లినప్పుడు షెడ్డు ఉక్కగా ఉందన్నాను. నీ ఒళ్లు చెప్తాది, నువ్వు నమ్ముతావు, నేను నమ్మి పూడ్చుకున్నాను గదా అంది. నాకు ఎందుకో ఆ మాట నచ్చలేదు. సెల్విన్‌తో చెబితే, అంకె సరిగ్గా ఉన్నంతకాలం ఏమీ కాదన్నాడు, కానీ ఆ రోజు మిక్సీ మోటారు తప్పుగా బిగించి మళ్లీ విప్పాడు.

డిసెంబరు వచ్చింది. మా జిల్లాలో ఆ నెల పొగమంచు చేలమీద నుంచి ఒకపట్టాన లేవదు, మధ్యాహ్నానికి గాని ఎండ నేలకు దిగదు. మోనికా నా అంగట్లో పిల్లల క్రిస్మస్ బట్టలకు కొలతలు ఇస్తోంది, సెల్విన్ పక్కన చర్చి నక్షత్రానికి లైట్లు అతుకుతున్నాడు. అతని చేతుల్లో పని ఉంటే ఫోను స్పీకరులో పెడతాడు కాబట్టి వీణ గొంతు గోడ ఇవతలకి నాకు కూడా వినబడింది.

"అన్నా, డబ్బీ కెట్టు పోయినట్టుండాది, చెడిపోయినాదేమో. రెండు కుంపట్లు పెట్టినా ఇరవై రెండు దాటలే, చలి అని కూస్తానే ఉండాది. పొద్దున అయితే పదిహేడు చూపించినాది. అత్త ఇంకో కుంపటి తెమ్మంటాంది. తేవల్లనా, డబ్బీదే తప్పా?"

"రెండు కుంపట్లు పెట్టినారా?" అన్నాడు సెల్విన్. "కిటికీలు?"

"గోనె పట్టలు కట్టేసినాము. చలి యాడ నుంచి వస్తాదో తెలీలే. నాకైతే లోపల వేడిగానే అనిపించినాది. అత్త ఒప్పుకోదు."

సోల్డర్ ఐరన్ బల్ల మీద పెట్టిన చప్పుడు విన్నాను.

"వీణమ్మా, డబ్బీ మీద గుడ్డ ఉండాదా?"

"లేదన్నా. నాలుగో జ్వరానికి ముందు ఉతికి పసుపులో ముంచి కట్టేది మా అత్త ఆచారం. నిన్న ఉతికినాను, మంచుకి ఆరలే. రేపు కడతాను. కన్ను మీద అత్త ఒక ఆకు అంటించినాది."

ప్రతి పంటకూ ఆ గుడ్డ అలా ఉతుకుతూనే ఉన్నారు. ఎండ ఉన్న రోజుల్లో పొద్దున ఉతికితే పూట తిరగకముందే ఆరి మళ్లీ డబ్బీ మీదికి చేరేది, ఎవరికీ తేడా తెలియలేదు. గుడ్డ తీయొద్దన్న మాటను వాళ్లు ఎన్నడూ మీరలేదు, వాళ్ల లెక్కలో. దేవుడి గుడ్డను ఉతికి పసుపు పెట్టి కట్టడం తీయడం ఎలా అవుతుంది, అదే గదా భక్తి.

సెల్విన్ ఫోను పట్టుకుని మా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గుడ్డ లేని డబ్బీ నాలుగు తక్కువ చెబుతోంది. నిన్నటి నుంచి లేని చలిని చూపిస్తోంది. అక్క ఆ లేని చలికి బొగ్గులు పోస్తోంది, గాలి సందులు మూయిస్తోంది. మూసిన గదిలో మండే బొగ్గుల నుంచి పుట్టేదీ ప్రేమరాజు చెప్పిన చెడుగాలే.

"అత్త యాడుండాది?"

"లోపలే అన్నా. పురుగులు లేచేదాకా ఆయమ్మ కదలదు గదా. పొద్దున్నించీ తలనొప్పి అంటాంది. నిద్ర వస్తాదని ఇప్పుడే గోడకి ఆనుకున్నాది. లోపల ఫోను అందదని నేను పెరట్లోకి వచ్చి మాట్లాడతాండాను."

సెల్విన్ ముఖం చూసి మోనికా చేతిలో కొలత టేపు వదిలేసింది. అతను అరవలేదు. ఒక్కో మాట విడదీసి చెప్పాడు.

"వీణమ్మా. తలుపు తీసి పెట్టు. ఊపిరి బిగబట్టి లోపలికి పో. అత్తను బయటికి ఈడ్చు. మళ్లీ లోపలికి పోవద్దు. ఫోను పెట్టేయొద్దు. పో."

ఫోనులో అడుగుల చప్పుడు, రేకు తలుపు గీసుకున్న చప్పుడు. అత్తా అని పిలుపు. మళ్లీ అత్తా. ఆ తర్వాత ఫోను ఎక్కడో పడింది. ఆవు మెడలో గంట మాత్రం వినబడుతోంది, దానికి ఏమీ పట్టనట్టు. సెల్విన్ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, ఆమె పేరు పిలవడం మొదలుపెట్టాడు, వీణమ్మా వీణమ్మా అని. చాలాసేపటికి వీణ దగ్గు వినబడింది, ఆపైన ఎవరో మగమనిషి గొంతు, టెంపో తెమ్మని అరుపు.

బండి నేను నడిపాను, అతను వెనక కూర్చున్నాడు. నాకు భయం వేసింది, అక్క కోసం, వెనక కూర్చున్నవాడి కోసం కూడా. దారంతా అతను మాట్లాడింది ఒకటే, నాలుగు అని. ఎవరితోనో లెక్క ఒప్పుకుంటున్నట్టు అప్పుడప్పుడు అనేవాడు. మంచు ఇంకా తేలలేదు, ఎదురు వచ్చే లారీలు దగ్గరికి వచ్చిగాని కనబడలేదు. బేతమంగళ చెరువు దగ్గర నా ఫోను మోగింది. బండి ఆపి ఎత్తాను. మునియప్ప బావ.

"ముల్బాగల్ ఆసుపత్రికి రావద్దు గోవిందా. ఇంటికే రాండి."

సెల్విన్ నా ముఖం చూసి బండి దిగి, రోడ్డు పక్క మట్టిలో కూర్చున్నాడు. లేపి ఎక్కించడానికి నాకు బలం చాలలేదు. అక్కను తలచుకుని నేను కూడా ఏడ్చాను. ఇద్దరం అక్కడ ఎంతసేపున్నామో తెలియదు.

అక్కను ఇంటికి తెచ్చేలోపే మేం చేరాం. వీణ అరుగు మీద వాంతి చేసుకుంటూ, తల పట్టుకుని కూర్చుని ఉంది. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, కుంపట్లు బయటికి లాగేశారు, అవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సెల్విన్ వాకిట్లో నిలబడి డబ్బీ వైపు చూశాడు. ఆకు వాడి సగం ఊడి వేలాడుతోంది. దాని వెనక నుంచి ఎర్ర అంకె వెలుగుతోంది. తట్టల్లో పురుగులు తలలెత్తి కదలకుండా కూర్చునే ఉన్నాయి, వాటికి ఏమీ కాలేదు.

మరునాడు మట్టి చేసి వచ్చేసరికి పురుగులు జ్వరం నుంచి లేచాయి. లేచిన పురుగు ఆకు కోసం ఆగదు. చావు ఇంటివాళ్లు తోటలోకి పోకూడదని పెద్దలు ఎవరో అన్నారు. పురుగుకి అంటు తెలీదు అని బావ కొడవలి తీసుకుని తోటలోకి పోయాడు. తడి పంచెతోనే ఆకు కోసి తెచ్చాడు. పురుషోత్తమ్, నేను తట్టల్లో వేశాం. అన్ని తట్టల్లో ఒకేసారి పురుగులు ఆకు కొరికే చప్పుడు లేచింది. ఆ చప్పుడు నాకు అంతకుముందు ఎప్పుడూ తప్పుగా అనిపించలేదు.

ఆ సాయంత్రం సెల్విన్ వాకిట్లో అందరి ముందూ చెప్పాడు. గుడ్డ కోసం నాలుగు తీసేసిన సంగతి, గుడ్డ లేకపోతే అంకె ఏమవుతుందో, అది చెప్పకుండా ఊరికే తీయొద్దన్న సంగతి. ఎక్కడా ఆగలేదు, తన తప్పు చిన్నది చేసుకోలేదు. పురుషోత్తమ్ లేచి లోపలికి పోయి డబ్బీని పీకి నేలకు కొట్టబోయాడు. బావ చేయి పట్టుకున్నాడు. ఆయన సెల్విన్ వైపు తిరిగి అన్నాడు.

"తీయొద్దు అంటే, నీకూ భక్తి కుదిరినాది అనుకున్నాము అప్పా."

సెల్విన్‌కు అంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేరు. తిట్టి ఉంటే బాగుండేదని దారిలో అన్నాడు.

క్రిస్మస్‌కు చర్చి నక్షత్రం లైట్లు వేరేవాళ్లు అతికారు. సెల్విన్ అంగడి తెరిచి కూర్చునేవాడు, పని ముట్టేవాడు కాదు. తెచ్చిన మిక్సీలు తెచ్చినట్టే తిరిగి ఇచ్చేశాడు. నేను ఎన్ని విధాల తిట్టి చూశానో నాకే తెలియదు. మధ్యాహ్నం నేను కావాలనే కళ్లు మూసి గోడకు ఆనుకునేవాణ్ణి. వచ్చి లేపేవాడు, నేను లేచి నిలబడేదాకా భుజం వదిలేవాడు కాదు.

చలి తగ్గే వేళకు ఒక పొద్దున మునియప్ప బావ ఒక మూటతో నా అంగడికి వచ్చాడు. విప్పితే అక్క చీర, గోధుమ రంగు మీద ఆకుపచ్చ అంచు, షెడ్డులో పనికి కట్టుకునేది. బ్లీచింగ్ మరకలు అలాగే ఉన్నాయి. డబ్బీకి తొడుగు కుట్టమన్నాడు. సెల్విన్ గోడ అవతల విని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆ డబ్బీ వద్దు అప్పా," అన్నాడు. "దాన్ని పారేయండి. నేను ఇంగ చేయను."

"పారేస్తే నాకు వేడి ఎవరు చెప్తారు?" అన్నాడు బావ. "చెంప ఆనించి చెప్పే మనిషి లేదు. వీణకి ఇంకా తెలీదు, నాకు ఎప్పుడూ తెలీదు. ఇరవై రోజుల్లో కొత్త పంటకి పురుగు దించుకోవల్ల. నువ్వు వస్తాండావు, సరిచేస్తాండావు."

అది అడగడం కాదు. సెల్విన్ తల ఊపాడు.

చీర నేత పలచన. రెండు మడతలు వేద్దామన్నాను, బావ ఒప్పుకోలేదు, ఒక మడతే చాలు, అంకె దాంట్లో నుంచి కొంచెం కనబడితే కనబడనీ అన్నాడు. ఆకుపచ్చ అంచు కిందికి వచ్చేలా కుట్టాను. కుడుతుంటే కళ్లు మసకలై సూది రెండుసార్లు తప్పింది, నా వృత్తిలో అది సిగ్గు.

ముగ్గురం షెడ్డుకు పోయాం. ముందు సెల్విన్ సుత్తి అడిగి, ప్రతి కిటికీ చట్రంలో జానెడు సందు వదిలి చెక్క కొట్టాడు, గోనె పట్ట కట్టినా, ఎవరు మూసినా ఆ సందు మూతపడకుండా. కుంపటి ఇంక షెడ్డులోకి రాదని, కరెంటు హీటరు తాను తెచ్చి పెడతానని చెప్పాడు. బావ అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత డబ్బీకి చీర తొడుగు తొడిగి, పక్కన థర్మామీటర్ కట్టాడు. ఈసారి వాకిట్లో కాదు, లోపల, అక్క చాప వేసుకునే చోట కూర్చున్నాడు. బావ కూర్చోమన్నాడు. వీణ కూడా వచ్చి చేరింది, డబ్బీ తన ఒంటి వేడిని చీర కింద పోగు చేసుకునేదాకా నలుగురం అక్కడే కూర్చున్నాం.

ఎండ రేకుల మీదికి వచ్చింది. సెల్విన్ రెప్ప ఎత్తి అంకె చూశాడు, థర్మామీటర్ చూశాడు, మళ్లీ అంకె చూశాడు. బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆగు," అన్నాడు మునియప్ప బావ. "ఈ తూరి ఎంత తీసేస్తావో చెప్పి తీయి."

"మూడు, అప్పా. చీర పలచన."

"గుడ్డ లేకుంటే?"

"లేకుంటే అంకెకి మూడు కలుపుకోవల్ల. ఇరవై మూడు అంటే ఇరవై ఆరు."

"మూడు," అన్నాడు బావ, వీణ వైపు తిరిగి.

"గుడ్డ లేకుంటే మూడు కలుపుకోవల్ల," అంది వీణ.

బావ నా వైపు చూశాడు. నాకెందుకు ఇదంతా, నేను పల్లెలో ఉండేవాణ్ణా, పురుగులు పెంచేవాణ్ణా. అయినా అన్నాను, మూడు అని. అందరూ పలికేదాకా సెల్విన్ బటన్ నొక్కలేదు.